డాలస్ చలి, ఆదోని మిద్దె



ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక ఇంట్లో పిల్లవాడికి వీసా వచ్చిందంటే ఆ వారమంతా ఇల్లు పెట్టెల చుట్టే తిరుగుతుంది. ఊరగాయలు, పొడులు, ప్రెషర్ కుక్కర్, వాటి మీద ఒకటో రెండో స్వెట్టర్లు. ఆ స్వెట్టర్లు ఎన్ని పెట్టాలో తేల్చుకోవడానికి పెద్దవాళ్లు అడిగే మాట ఒకటే: అక్కడ చలి ఎంత ఉంటుంది? షికాగో అంటే భయపడతారు, బోస్టన్ అంటే బెంగ పెట్టుకుంటారు. డాలస్ అనో, అరిజోనా అనో, కువైట్ అనో వింటే మాత్రం ఊపిరి పీల్చుకుంటారు, అవి మనలాగే ఎండ కాసే ప్రదేశాలు కదా అని. ఆ మాట అడగడంలో తప్పు లేదు. వచ్చిన జవాబును నమ్ముకుని నిశ్చింతగా ఉండటం మాత్రం తప్పేనని ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నాను. చలి మనిషికి చేసే హాని థర్మామీటర్ ఎంత కిందికి దిగిందన్నదాని కంటే, ఆ ఊరి ఇళ్లు, కరెంటు, నీళ్ల పైపులు, మనుషుల అలవాట్లు ఆ చలికి ఎంత సిద్ధపడి ఉన్నాయన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఏటా గడ్డకట్టే ఊళ్ల కంటే ఎప్పుడో ఒకసారి గడ్డకట్టే ఊళ్ల దగ్గరే మనవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

డాలస్ సంగతే తీసుకుందాం. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో అనే పేర్లు ఇవాళ మన పల్లెల రచ్చబండల దగ్గర కూడా వినపడుతున్నాయి. తెలుగువాళ్లు అక్కడ అంతమంది స్థిరపడటానికి ఉద్యోగాలు, ఇళ్ల ధరలు పెద్ద కారణాలు. ఎండ కూడా ఎంతో కొంత కారణమే. వేసవిలో అక్కడ 40 డిగ్రీలు తాకడం కొత్త కాదు, చలికాలమంటే పలచటి జాకెట్‌తో గడిచిపోయే రెండు మూడు నెలలు. అలాంటి చోటికి 2021 ఫిబ్రవరి రెండో వారంలో ధ్రువ ప్రాంతపు చలిగాలి దిగింది. ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. 1949 తర్వాత అక్కడ అంత చలి పడలేదు. రోజుల తరబడి ఉష్ణోగ్రత సున్నా దాటి పైకి రాలేదు. రాష్ట్రమంతా ఒక్కసారిగా హీటర్లు వేసుకుంది. సరిగ్గా అప్పుడే కరెంటు తయారుచేసే కేంద్రాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. గ్యాస్ బావుల దగ్గరి యంత్రాలు, పైపులు, ప్లాంట్లలో ఒత్తిడిని కొలిచే సన్నటి గొట్టాలు గడ్డకట్టాయి. గాలిమరలూ కొన్ని ఆగాయి గానీ, పెద్ద దెబ్బ తగిలింది గ్యాస్ దగ్గరే. టెక్సస్ గ్రిడ్‌ను ఇతర రాష్ట్రాల గ్రిడ్‌లతో పెద్దగా కలపకుండా విడిగా ఉంచుకున్నారు కనుక, బయటి నుంచి అరువు తెచ్చుకునే దారి కూడా ఇరుకే. ఫిబ్రవరి 15 అర్ధరాత్రి దాటాక గ్రిడ్ నడిపేవాళ్లు కోతలు మొదలుపెట్టారు. ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు ఆ స్థితి అలాగే సాగి ఉంటే గ్రిడ్ మొత్తం కుప్పకూలేదని వాళ్లే తర్వాత చెప్పారు. 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ తేల్చిన లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు, వాళ్లలో మూడింట రెండు వంతుల దాకా ఒళ్లు చల్లబడి పోయినవాళ్లే. ప్రపంచానికి చమురు, గ్యాస్ అమ్మే రాష్ట్రంలో జనం మంచాల మీద కోట్లు తొడుక్కుని చనిపోయారన్నమాట.

మైనస్ 19 అనేది మనిషి తట్టుకోలేని చలి అయితే ఉత్తరాన మినియాపొలిస్ నగరంలో ఎవరూ బతికి ఉండకూడదు. అక్కడ జనవరి నెలలో సగటు కనిష్ఠమే మైనస్ 13 దగ్గర ఉంటుంది, మైనస్ 25 దాటే రాత్రులూ వస్తుంటాయి. పిల్లలు బడికి పోతారు, బస్సులు తిరుగుతాయి, వార్తల్లో ఆ ఊరి పేరు కూడా రాదు. తేడా గోడల్లో ఉంది. ఉత్తరాది ఇళ్లలో నీటి పైపు నేలలో లోతుగా, మంచు దిగలేనంత కింద నడుస్తుంది, ఇంట్లోకి వచ్చాక వెచ్చటి లోపలి గోడల వెంట పోతుంది. టెక్సస్‌లో చాలా ఇళ్లకు పైపులు బయటి గోడల్లోనూ, పైకప్పు కింద ఉండే అటకలోనూ ఉంటాయి. ఎండాకాలం గురించి ఆలోచించి కట్టిన ఇల్లు అది. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయని మన పిల్లలు బడిలో చదువుకున్నదే. పైపులో ఒకచోట మంచు బిరడాలా పడితే, దానికీ మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీళ్ల మీద ఒత్తిడి పెరిగి పైపు పగులుతుంది. కుళాయిని సన్నటి ధారగా వదిలి ఉంచమని చెప్పేది అందుకే, ఆ ఒత్తిడి పోవడానికి ఒక దారి ఉండాలని. ఈ చిన్న సంగతి తెలియక ఎన్నో ఇళ్లలో చలి తగ్గాక, మంచు కరిగాక, అటకలోంచి నీళ్లు వానలా కురిశాయి. మరి ఇదంతా ఊహించలేనిదా? 2011 ఫిబ్రవరిలో ఇదే రాష్ట్రంలో ఇలాగే చలి పడింది, ఇలాగే కరెంటు పోయింది. యంత్రాలను చలికి తట్టుకునేలా చేయండని అప్పుడే కేంద్ర సంస్థల నివేదిక సలహా ఇచ్చింది. అది సలహాగానే మిగిలింది, 2021 దెబ్బ తిన్నాక గానీ చట్టం కాలేదు. పదేళ్లకొకసారి వచ్చే కష్టానికి ఏటా ఎవరు ఖర్చు పెడతారు అన్న లెక్క ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే.

ఒక్క టెక్సస్‌ను చూసి ఇంత మాట అనవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిందే. 1997లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఐరోపాలోని వేర్వేరు ప్రాంతాల చలికాలపు మరణాలను పోల్చిన ఒక పరిశీలన ప్రచురించింది. బయటి ఉష్ణోగ్రత 18 డిగ్రీల నుంచి ఒక్కో డిగ్రీ తగ్గుతుంటే మరణాలు ఎంత పెరుగుతున్నాయో లెక్క కట్టారు. మంచుదేశమైన ఫిన్లాండ్ దక్షిణ ప్రాంతంలో పెరుగుదల డిగ్రీకి 0.27 శాతం. ఎండకు పేరుపడ్డ గ్రీసు రాజధాని ఏథెన్స్‌లో 2.15 శాతం. అంటే ఎనిమిది రెట్లు. కారణం వెతికితే వైద్యం కంటే ముందు ఇల్లు, బట్ట కనపడ్డాయి. బయట 7 డిగ్రీలు ఉన్నప్పుడు ఫిన్లాండ్ ఇళ్లలో ముందుగది సగటున 21.7 డిగ్రీల వెచ్చదనంలో ఉంటే, ఏథెన్స్‌లో 19.2 డిగ్రీలు. అదే 7 డిగ్రీల చలిలో బయటికి వచ్చేటప్పుడు ఫిన్లాండ్‌లో నూటికి 72 మంది తలకు టోపీ పెట్టుకుంటే ఏథెన్స్‌లో 13 మందే పెట్టుకున్నారు. చలి తెలిసినవాడు చలిని లెక్కచేస్తాడు, తెలియనివాడు ఈ పూటకు ఏముందిలే అనుకుంటాడు. మన మంకీ క్యాప్‌ను చూసి నవ్వే కుర్రాళ్లు ఈ 72, 13 అంకెలు ఒకసారి గుర్తుపెట్టుకుంటే మంచిది.

దీన్నే తిరగేసి చూడండి, విషయం ఇంకా తేటపడుతుంది. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో వడగాలులు వీచాయి. పారిస్‌లో 39 డిగ్రీలు దాటింది. ఆ కొద్ది రోజుల్లో ఆ దేశంలో సుమారు 15,000 మంది అదనంగా చనిపోయారు. 39 డిగ్రీలంటే మనకు ఏప్రిల్ నెలలో ఒక మామూలు మధ్యాహ్నం. ఆదోని పత్తి యార్డులో ఆ ఎండలో హమాలీలు బోరాలు మోస్తూనే ఉంటారు. ఫ్రెంచివాళ్లు సుకుమారులని, మనం గట్టివాళ్లమని అర్థమా? అదేం కాదు. పారిస్‌లో పైఅంతస్తు గదులకు రేకు కప్పులు, వెచ్చదనం పోకుండా బిగించిన గోడలు, సెలవులకు పిల్లలు ఊరికి పోతే ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లు. మనకేమో మధ్యాహ్నం పనులు ఆపే అలవాటు, మజ్జిగ, తలపాగా, చౌడు మట్టి కప్పిన మిద్దె. ఆదోని, కోసిగి, కౌతాళం వైపు పాత మట్టిమిద్దెలు చూడండి. రెండు మూడు అడుగుల మందం గోడ, దూలాల మీద బండలో కట్టెలో పరిచి ఆపైన చౌడు, గాలికీ వెలుతురుకూ కప్పులో గవాచి. ఆ ఇల్లు నూరేళ్ల అనుభవంతో ఎండకు చెప్పిన జవాబు. ఆ జవాబును పట్టుకుపోయి మినియాపొలిస్‌లో పెడితే పనికిరాదు, మినియాపొలిస్ ఇంటిని తెచ్చి ఇక్కడ పెడితే మేలో ఉడికిపోతాం.

గవాచి మాట వచ్చింది కాబట్టి, ఈ వ్యవహారంలో అన్నిటికంటే ప్రాణాంతకమైన సంగతి ఇక్కడే చెప్పాలి. మన ఇళ్లలో చలికి కుంపటి రాజేసుకోవడం ఆనవాయితీ. బాలింత గదిలో నిప్పులు పెట్టడం, పసిబిడ్డకు సాంబ్రాణి పొగ వేయడం ఈనాటికీ ఉన్నదే. అది అపాయం కాకుండా కాపాడింది మన ఇంటి కట్టుబడి. గవాచి, తలుపు సందులు, సరిగ్గా మూసుకోని కిటికీ రెక్కలు పొగను బయటికి పంపేవి. చలిదేశపు ఇల్లు అలాంటిది కాదు, గాలి దూరకుండా బిగించి కట్టినది. అందులో బొగ్గులు రాజేస్తే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మత్తు, నిద్ర, అంతే. టెక్సస్‌లో కరెంటు పోయిన ఆ రాత్రుల్లో మాంసం కాల్చుకునే బొగ్గుల పొయ్యిని ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్లు, గ్యారేజీలో కారు ఇంజన్ వేసి అందులో కూర్చున్నవాళ్లు ఇలాగే పోయారు. పైన చెప్పిన 246 మందిలో 19 మంది మరణానికి కారణం ఈ వాయువే. కువైట్‌లోనూ ఇదే కథ. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఎన్ని వేల మంది అక్కడ డ్రైవర్లుగా, ఇంటిపనికి, ఎడారిలో గొర్రెల కాపలాకు ఉన్నారో ఆ ప్రాంతంలో ఎవరిని అడిగినా చెబుతారు. 2016 జులైలో 53.9 డిగ్రీలు నమోదైన దేశమది. అక్కడ చలి ఉంటుందని ఎవరనుకుంటారు? డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఎడారిలో సున్నా దాకా దిగుతుంది. రేకుల గదుల్లో, గుడారాల్లో తలుపు మూసి బొగ్గులు పెట్టుకుని పడుకుని తెల్లారి లేవని కూలీల వార్తలు గల్ఫ్ నుంచి వస్తూనే ఉన్నాయి. ఇక్కడ కాపాడిన అలవాటే అక్కడ ప్రాణం తీస్తున్నది. అలవాటు మారలేదు, దాని చుట్టూ ఉన్న ఇల్లు మారింది.

అరిజోనా మాట కూడా చెప్పి ముందుకు పోతాను. ఫీనిక్స్ చుట్టుపక్కల ఎడారి, వేసవిలో 45 డిగ్రీలు. 2022 డిసెంబర్ 26న ఆ వైపు నుంచి మంచు చూడటానికి కొండల్లోని ఉడ్స్ కాన్యన్ సరస్సు దగ్గరికి వెళ్లినవాళ్లలో ముగ్గురు తెలుగువాళ్లు, గడ్డకట్టిన నీళ్ల మీద నడుస్తుంటే పొర విరిగి చనిపోయారు. సముద్రమట్టానికి ఏడువేల అడుగులకు పైన ఉన్న చోటది. చలిదేశాల్లో పుట్టిన పిల్లలకు మంచు ఎంత మందం ఉంటే మనిషి బరువు ఆగుతుందో, ఒడ్డున గట్టిగా ఉన్నది నడిమధ్యలో ఎందుకు పలచగా ఉంటుందో పెద్దవాళ్లు చిన్నప్పుడే చెబుతారు. మనకు తుంగభద్రలో సుడిగుండం ఎక్కడ పడుతుందో చెప్పినట్టు. ఆ విద్య మన పెట్టెల్లో సర్దడం కుదరదు, ఎవరైనా నోటితో చెప్పాల్సిందే.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. మనిషి ఒళ్లు దేనికైనా అలవాటు పడుతుంది, మొదటి ఏడాది వణికినవాడే మూడో ఏడాది చొక్కాతో తిరుగుతాడు, ఇంత భయపెట్టడం దేనికి అని. అలవాటు పడటం నిజమే. కొరియాలోని జెజు దీవిలో హెన్యో అనే ఆడవాళ్లు తరతరాలుగా చలికాలంలోనూ పలచటి నూలు బట్టలతో సముద్రంలో మునిగి నత్తలు, నాచు ఏరుకొచ్చేవారు. వాళ్ల శరీరాలు చలిని తట్టుకునే తీరు మామూలు మనుషుల కంటే వేరుగా ఉందని శాస్త్రజ్ఞులు 1960లలోనే కొలిచి చూశారు. 1970లలో వాళ్లకు రబ్బరు సూట్లు వచ్చాయి. కొన్నేళ్లకల్లా ఆ ప్రత్యేక శక్తి మాయమైపోయింది. ఒళ్లు అలవాటు పడాలంటే రోజూ చలిలో నానాలి. హీటర్ ఉన్న ఇంటి నుంచి హీటర్ ఉన్న కారులో, అందులోంచి హీటర్ ఉన్న ఆఫీసుకు పోయే మనిషి ఒళ్లు ఏ చలికి అలవాటు పడుతుంది? మూడో ఏడాది అతనికి తగ్గేది చాలావరకు చలి అనిపించడం మాత్రమే, ఒంట్లోంచి పోయే వేడి అలాగే పోతుంది. వణుకు రాకపోవడాన్ని బలమనుకుంటే మోసపోతాం. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి జారితే ఆలోచన మందగిస్తుంది, మాట తడబడుతుంది, ఇంకా జారితే వణుకు తానే ఆగిపోతుంది. కొందరు ఆ దశలో వేడిగా ఉందంటూ బట్టలు తీసేస్తారు కూడా.

ఒంటికంటే నమ్మదగినవి బట్టలు. వాటి విషయంలో మన ప్రాంతానికి సగం విద్య ముందే తెలుసు, ఆ సంగతి మనమే మరిచిపోయాం. మంత్రాలయంలో తుంగభద్రలో మునిగి తడిబట్టలతో ప్రదక్షిణలు చేసే భక్తులను చూస్తుంటాం. జనవరిలో కూడా తెల్లవారుజామున మన దగ్గర మామూలుగా 15 డిగ్రీల పైనే ఉంటుంది, ఎండ ఎక్కేసరికి బట్ట ఆరిపోతుంది, వణుకు భక్తిలో కలిసిపోతుంది. అదే తడిబట్ట సున్నా డిగ్రీల్లో, గాలిలో, అపాయం. నీళ్లు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. నూలుకు ఉన్న గొప్ప గుణం చెమటను పీల్చుకోవడం. మచాని సోమప్పగారు 1938లో స్థాపించిన సహకార సంఘంతో ఎమ్మిగనూరు చేనేతకు పేరొచ్చింది ఆ నూలు మీదే, మన ఎండకు దాన్ని మించిన బట్ట లేదు. చలిలో ఆ గుణమే దోషమవుతుంది. బస్సు కోసం పరుగెత్తి చెమట పట్టిన నూలు బనియను ఒంటికి అంటుకుని, ఆగి నిలబడ్డాక మంచుగుడ్డలా పనిచేస్తుంది. ఉన్ని అలా కాదు, తడిసినా కొంత వెచ్చదనం ఉంచుతుంది. ఈ రహస్యం మన కురువ గొర్రెల కాపరులకు ఎవరూ చెప్పక్కర్లేదు. దక్కని గొర్రె నల్లటి ముతక ఉన్నితో నేసిన గొంగడి కప్పుకుని వానలో, మంచులో, మంద పక్కన రాత్రంతా గడిపినవాళ్లు వాళ్లు. ఆ గొంగడి ఇవాళ పెళ్లిపీటల మీదికి, దేవర పూజలకు పరిమితమైపోతున్నది. మనమేమో చలికాలం రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మే స్వెట్టర్లలో మెత్తటిదాన్ని ఎంచుకుంటాం, ఉన్నియా, యాక్రిలిక్కా అని చీటీ తిప్పి చూసేవాళ్లు తక్కువ. నిజానికి పెద్ద కోటు అక్కడికి పోయాక కొనుక్కోవడమే మేలు, ఆ చలికి తగినది అక్కడే దొరుకుతుంది. ఇక్కడి నుంచి తీసుకుపోవలసింది ఒంటికి ఆనుకునే, చెమటను పట్టి ఉంచని లోపలి బట్ట, ఉన్ని మేజోళ్లు, తలకూ చెవులకూ టోపీ. ఒక మందపాటి బట్ట కంటే మూడు పలచటివి ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మంచిది, మధ్యలో నిలిచే గాలే అసలు దుప్పటి.

మరొక అభ్యంతరం వినవలసి ఉంది, ఇది నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది. ఎక్కడో అమెరికాలో జీతగాళ్ల చలి గురించి ఇంత చెబుతున్నారు, మరి కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం పల్లెల నుంచి పంట చేతికి రాగానే సుగ్గికి, అంటే వలస పనికి, పోయే కూలీల సంగతేమిటి అని. గుంటూరు వైపు మిరప చేల గట్ల మీద, బెంగళూరులో కట్టడాల పక్కన, పట్టా కప్పిన గుడిసెల్లో పిల్లలతో పడుకునేవాళ్లకు ఏ ధ్రువపు గాలీ అక్కర్లేదు. న్యాయమైన ప్రశ్న ఇది. పైగా నా వాదనకు ఎదురు నిలిచేది కాదు, దానికి బలమిచ్చేదే. 2015లో లాన్సెట్‌లోనే వచ్చిన మరో పెద్ద పరిశీలన 13 దేశాల్లో 384 చోట్ల జరిగిన 7.4 కోట్ల మరణాలను లెక్కలోకి తీసుకుంది. వాటిలో చలి వాటా 7.29 శాతం, వేడి వాటా 0.42 శాతం. ఆ చలి మరణాల్లోనూ ఎక్కువ భాగం గడ్డకట్టే రోజులవి కావు, ఓ మోస్తరు చలి రోజులవి. మన దేశం ఆ లెక్కలో లేదు కాబట్టి ఆ శాతాలను మనకు అంటగట్టను. కానీ దానిలోని సూత్రం చేను గట్టు మీదా వర్తిస్తుంది: 16 డిగ్రీల రాత్రి మిద్దెలో పడుకున్నవాడికి హాయి, తేమ నేల మీద పట్టా కింద పడుకున్న పసిబిడ్డకు దగ్గు, రొప్పు, ఆసుపత్రి. చలికి ముందు పోయేది ఇల్లు సరిగా లేనివాడే, అతని పాస్‌పోర్టు ఏ రంగుదైనా. పిల్లల్ని సుగ్గికి తీసుకుపోకుండా ఊళ్లోనే ఉంచి చదివించే కాలానుగుణ వసతి గృహాలు చలికాలమంతా సరిగా నడిస్తే, ఎన్నో స్వెట్టర్లు పంచినదాని కంటే ఎక్కువ మేలు.

విదేశంలో కూడా ఇల్లు సరిగా లేకపోవడం పేదరికంతోనే ముడిపడి ఉంటుంది. అప్పు చేసి చదువుకోను పోయిన పిల్లలు అద్దె తక్కువని పాత ఇళ్లలో చేరతారు. మెల్‌బోర్న్‌లో జులై రాత్రులు సగటున 6, 7 డిగ్రీల దాకా దిగుతాయి, చెప్పుకోవడానికి అదేం పెద్ద చలి కాదు. కానీ అక్కడి పాత ఇళ్లకు గోడల్లో వెచ్చదనం నిలిపే పొర ఉండదు, బయట ఎంతో లోపలా ఇంచుమించు అంతే. ఇంగ్లండ్‌లో తేమ, బూజు పట్టిన గదులు. బిల్లుకు భయపడి హీటర్ ఆపేసి దుప్పట్లలో దూరి చదువుకోవడం మనవాళ్లు పొదుపు అనుకుంటారు. ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. అద్దె బేరం ఆడేటప్పుడు హీటింగ్ ఖర్చు కలిపి లెక్కవేయకపోతే చవక ఇల్లే ఖరీదైనదవుతుంది. ఇంటి నుంచి ఫోన్ చేసే అమ్మకు కొబ్బరినూనె గడ్డకట్టిందనీ, ఇడ్లీ పిండి పులియడం లేదనీ పిల్లలు నవ్వుతూ చెబుతుంటారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి దానికి కంగారు పడక్కర్లేదు. కానీ పిండి రెండు రోజులైనా పొంగలేదంటే ఆ వంటగది ఎంత చల్లగా ఉందో అదే చెబుతున్నది, అమ్మలు ఆ మాటను కొంచెం పట్టించుకోవాలి.

కూతురికో కోడలికో పురుడు పోయడానికి చలికాలంలో పోయే తల్లిదండ్రుల గురించి ఒక్క మాట. పైన చెప్పిన ప్రమాదాలన్నీ వాళ్ల దగ్గర రెట్టింపు. చలికి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. ఆరు నెలలకు సరిపడా మాత్రలు కట్టించుకోవడమే కాదు, పోయిన మొదటి నెలలో బీపీ చూపించుకోవాలి. అల్లుడు ఆఫీసుకు పోయాక వాకిట్లో మంచు ఎత్తిపోయడం లాంటి పనులు పెట్టుకోకూడదు, చలిలో ఒక్కసారిగా బరువు పని చేస్తే గుండె మీద భారం పడుతుంది. కంటికి కనిపించని పలచటి మంచుపొర మీద చెప్పులేసుకుని నడిచి తుంటి విరగ్గొట్టుకున్న పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వెలుతురు లేని నాలుగు గోడల మధ్య నెలలు గడిపితే మనసు కూడా కుంగుతుంది. అది మొండితనమో బెంగో అనుకుని గదమాయించకండి, మధ్యాహ్నం ఎండ ఉన్న గంటలో బయటికి తీసుకుపోండి. బాలింత గదిలో కుంపటి మాటైతే, ఎంత మంచి ఆచారమైనా ఆ ఇంట్లో వద్దు.

ఈ ప్రసంగం వింటున్న మీలో పిల్లలు బయట ఉన్నవాళ్లు ఈ రాత్రికో రేపు పొద్దునకో ఎలాగూ ఫోన్ చేస్తారు. చలి ఎంత ఉంది అని అడగండి, తప్పులేదు. దాంతోపాటు ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా, అందులో బ్యాటరీ వేశారా అని అడగండి. ఇంటికి వచ్చే నీళ్లను ఆపే మెయిన్ వాల్వు ఎక్కడుందో, ఆ ఇంట్లో వేడి కరెంటుతో వస్తుందో గ్యాస్‌తో వస్తుందో, కరెంటు పోతే ఎవరింటికి పోతారో అడగండి. నాలుగూ తెలియకపోతే, పెట్టె సర్దడం ఇంకా పూర్తి కానట్టే లెక్క. ఫోన్ పెట్టకముందే వాళ్లను లేపి వాల్వు వెతికించండి.